విప్పాల్సింది కొత్త కారును కాదు

ఈ మధ్య మా వాట్సాప్ గ్రూపులో ఎవరో జపాన్ వ్యాపార వార్తాసంస్థ నిక్కీ వాళ్ల పాత కథనాన్ని మళ్లీ పెట్టారు. 2020 ఫిబ్రవరి నాటిది. జపాన్‌లో నిక్కీ బృందం టెస్లా మోడల్ 3ని పూర్తిగా విప్పి, అందులోని కంప్యూటర్ బోర్డు టొయోటా, ఫోక్స్‌వాగన్ల కంటే ఆరేళ్లు ముందుందని రాసింది. దాన్ని చూసిన ఒక జపాన్ కార్ల కంపెనీ ఇంజనీరు మావల్ల కాదు అనేశాడట. గ్రూపులో రెండు రోజులు అదే చర్చ. మేమందరం చెన్నై శివార్లలో కార్ల ఫ్యాక్టరీలుండే ఒరగడం, శ్రీపెరుంబుదూరు, మరైమలై నగర్ వైపు పనిచేసే తెలుగువాళ్లం. పోటీ కంపెనీ కారును విప్పి, ప్రతి భాగానికీ నంబరు వేసి, గోడకు తగిలించి పెట్టే గదులు మాలో చాలామందికి కొత్త కాదు. అలాంటి చోట చూసింది బయట మాట్లాడకూడదు కాబట్టి ఇలాంటి కథనం దొరికితే అందరికీ నోరు తెరిచే అవకాశం వచ్చినట్టు ఉంటుంది.

ఈ కథనాలు నాకూ ఇష్టమే. మోడల్ 3 ఇన్వర్టర్‌లో (బ్యాటరీ డీసీని మోటారుకు కావల్సిన ఏసీగా మార్చే పెట్టె) ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ కంపెనీ సిలికాన్ కార్బైడ్ మాడ్యూళ్లు 24 వరసగా కూర్చున్న ఫొటోను ఇప్పుడు చూసినా ఆనందంగానే ఉంటుంది. లక్షల్లో తయారయ్యే కారులో ఆ పదార్థాన్ని అంత ధైర్యంగా వాడటం అప్పటికి కొత్త. మిషిగన్‌లో శాండీ మన్రో బృందం విప్పిన కార్ల నుంచి నేను నేర్చుకున్నది చాలా ఉంది. యూబీఎస్ బ్యాంకు విశ్లేషకులు 2017లో షెవ్రొలే బోల్ట్‌ను, 2023లో బీవైడీ సీల్‌ను విప్పి చూశారు. సీల్‌లో ముప్పాతిక వంతు భాగాలు బీవైడీ సొంతంగానే చేసుకుంటోందని అప్పుడే అందరికీ తెలిసింది.

అయితే వీటన్నిటిలో విప్పింది కొత్త కారును. అడిగిన ప్రశ్నలు కూడా రెండే: ఎంత ఖర్చయింది, ఎవరు చేశారు. అవి పోటీదారు ప్రశ్నలు, షేర్లు కొనేవాడి ప్రశ్నలు. అప్పు చేసి కారు కొన్న మనిషి అడిగేవి వేరు. ఎన్నేళ్లు వస్తుంది? ముందు ఏది పోతుంది? పోతే బాగవుతుందా, మొత్తం మార్చాలా? వీటికి కొత్త కారు జవాబు చెప్పలేదు. మనం విప్పాల్సింది అయిదారేళ్లు మన ఎండలో, మన వానలో, మన కరెంటు మీద బతికిన కార్లను. విప్పి చూసింది పదిమందికీ కనబడేలా రాయాలి. కొత్త కారు బోర్డును చూసి దాని గొప్ప చెప్పడం, పెళ్లిచూపులు చూసొచ్చి కాపురం గురించి మాట్లాడటమే.

మాస్టారి చార్జర్

మా అపార్ట్‌మెంట్‌లో గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఎలక్ట్రిక్ కారు కొన్న తొలివాళ్లలో ఒకరు. ఒక వానాకాలం రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. పొద్దున చూస్తే కారు ఇంట్లో చార్జ్ అవ్వడం లేదు. హైవే మీద ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళితే మాత్రం మామూలుగానే ఎక్కుతోంది. ఈ లక్షణం వినగానే ఈ పనిలో ఉన్నవాళ్లకు సగం సంగతి తెలిసిపోతుంది. ఫాస్ట్ చార్జర్ నేరుగా డీసీ ఇస్తుంది. ఇంట్లో వచ్చే ఏసీని డీసీగా మార్చే పని కారులో ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్‌ది. పోయింది అదే.

సర్వీస్ సెంటర్ వాళ్లు మొత్తం యూనిట్ మార్చాలన్నారు. బ్యాటరీకీ మోటారుకూ ఎనిమిదేళ్ల వారంటీ ఉంది గానీ చార్జర్ అందులోకి రాదు, మామూలు వారంటీ ఎప్పుడో అయిపోయింది. బిల్లు లక్ష దాటింది. మాస్టారు డబ్బు గురించి పెద్దగా బాధపడలేదు. "ఇంత పెట్టెలో ఏది పోయిందో కూడా చెప్పరా నాయనా?" అని మాత్రం నన్ను రెండు మూడుసార్లు అడిగారు. జీవితమంతా పిల్లలకు తప్పు ఏ మెట్టులో జరిగిందో చూపించి మార్కులు వేసిన మనిషికి, ‘మొత్తం మార్చాలి’ అన్న జవాబు మింగుడు పడలేదు. పాత యూనిట్ తనకే ఇవ్వాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు.

అంబత్తూరులో ఫ్యాక్టరీ డ్రైవ్‌లు (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు) బాగుచేసే నెల్లూరు కుర్రాడు ఒకడు నాకు స్నేహితుడు. ఆ పెట్టెను వాడి షెడ్డుకు తీసుకెళ్లాం. అల్యూమినియం మూత కింద బోర్డు మీద సగం దాకా బూడిద రంగు జిగురు లాంటి పదార్థం నింపి ఉంది. వేడిని బయటికి పంపడానికి, కుదుపులకు భాగాలు కదలకుండా ఉండటానికి అలా పోస్తారు. దాన్ని కొంచెం కొంచెంగా తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. ఇన్‌పుట్ వైపు ఫ్యూజు పోయింది. దాని వెనక ఒక మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయింది, దాని గేట్ రెసిస్టర్ కాలిపోయింది. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. ఆ ముక్కల ధర వందల్లో ఉంటుంది.

ఆ తర్వాత కనబడిందే నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వరసగా ఉన్నాయి. కూలింగ్ గొట్టానికి దగ్గరున్నవి బాగానే కొలతకు వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మూలకున్న రెండింటి లోపలి నిరోధం మిగతావాటి కంటే బాగా ఎక్కువగా ఉంది, అంటే అవి నీరసించాయి. ఆ మూలలోనే జిగురు పదార్థం ఎండిపోయి పెట్టె గోడ నుంచి విడిపోయింది. వేడి బయటికి పోయే దారి అక్కడ మూసుకుపోయింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో పనిచేస్తే ఆయుష్షు సగమవుతుందని మా రంగంలో అందరికీ తెలిసిన లెక్క. అలా నీరసించిన కెపాసిటర్ల మీద ఆ రాత్రి కరెంటు కుదుపు పడి ఉండవచ్చు. కొత్త యూనిట్‌లో ఆ మూల ఎంత చక్కగా నిండి ఉంటుందో! కొత్త కారును విప్పినవాడు అక్కడ ఫొటో తీసి మెచ్చుకుని ముందుకు పోతాడు.

మాస్‌ఫెట్ మార్చాం, కెపాసిటర్లు మార్చాం. కెపాసిటర్లు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరకలేదు, ఆ వేడిని తట్టుకునే రకం ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చింది. అన్నీ పెట్టాక బెంచి మీద సప్లై ఇస్తే యూనిట్ కదల్లేదు. కారులోని మిగతా కంప్యూటర్ల నుంచి సరైన క్యాన్ సందేశాలు (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) వస్తే తప్ప అది పని మొదలుపెట్టదు. మావాడు తల పట్టుకుని "దీన్ని బాగుచెయ్యడం పెద్ద పని కాదన్నా, నిద్ర లేపడమే పెద్ద పని" అన్నాడు. ఆ సందేశాలేవో తయారుచేసిన కంపెనీకి తెలుసు. సర్వీస్ సెంటర్‌కు కూడా తెలియదు.

అందుకే ఈ విప్పుడు కథనాలు రాగి దగ్గర, అంటే కంటికి కనబడే భాగాల దగ్గర, ఆగిపోతాయని నాకు అనిపిస్తుంది. ఏ చిప్పు ఎవరిది, ఎన్ని పొరల బోర్డు, ఎంత ఖర్చు అన్నీ ఉంటాయి. ఆ పెట్టె కారుతో ఏం మాట్లాడుతుందో ఉండదు. బాగుచేసేవాడికి కావల్సిన సగం అక్కడే ఉంది.

ధర చూసి వరస పెడితే

ఖర్చు కోసం విప్పేవాళ్ల పట్టికలో పైన బ్యాటరీ, తర్వాత ఇన్వర్టర్, ప్రాసెసర్. అడుగున ‘ఇతరాలు’ అని ఒక వరస. డయోడ్లు, చిన్న ట్రాన్సిస్టర్లు, కనెక్టర్లు అన్నీ అందులోకి పోతాయి. 2025 సెప్టెంబరు చివర్లో డచ్ ప్రభుత్వం నెక్స్‌పీరియా కంపెనీ మీద అదుపు తీసుకుంది. అక్టోబరు మొదట్లో చైనా ఆ కంపెనీ చైనాలో తయారుచేసే భాగాల ఎగుమతి ఆపింది. నెక్స్‌పీరియా చేసేవి సరిగ్గా ఆ ‘ఇతరాలు’ వరసలోవే, చాలావాటి ధర పైసల్లో ఉంటుంది. అవి అందక హోండా మెక్సికోలో ఉత్పత్తి ఆపాల్సి వచ్చింది. ధర తక్కువ గనక చూడనక్కర్లేదు అనుకున్నవే బండిని ఆపేశాయి.

పాత కార్లలోనూ ఇదే జరుగుతుంది. ఎక్కువసార్లు పోయేది ఖరీదైన చిప్పు కాదు. టంకం బీటవేస్తుంది, కనెక్టరు పిన్ను మీద పచ్చగా చిలుము పట్టేస్తుంది, కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్చు) మొనలు కాలి అరుగుతాయి, వేడి లాగే పేస్టు జరిగిపోతుంది. చెన్నైలో ఉప్పుగాలి దీనికి తోడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఐపీ67 అని రాసిన బ్యాటరీ పెట్టె మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదని పరీక్షిస్తారు. మన వీధుల్లో నీళ్లు అరగంటకు పోలేదు, అవి మంచినీళ్లూ కావు. అలాంటి కార్లలో చాలావాటిని బీమా కంపెనీలు మొత్తం నష్టం కింద తేల్చి వేలానికి పంపేస్తాయి. ఆ వాన తర్వాత అలాంటి కార్లను ఒక పది విప్పి, నీళ్లు ఏ సీలు దగ్గర, ఏ కేబుల్ గ్లాండ్ (కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోటి బిగింపు) దగ్గర లోపలికి వచ్చాయో రాసి ఉంటే, తర్వాత కారు కొనేవాళ్లకూ కారు చేసేవాళ్లకూ ఎంత పనికొచ్చేది!

వాషింగ్టన్ కాగితం

2024 జూన్‌లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయోనిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది. ఐసీసీయూ అనే చార్జింగ్ కంట్రోల్ యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చని చెప్పారు. ఆ కార్లను మా పక్కనే శ్రీపెరుంబుదూరులో బిగించారు. అసలు కారణం ఏమిటని వెతికితే, నాకు వివరంగా దొరికింది అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో. అక్కడ ఏ కంపెనీ అయినా కార్లను వెనక్కి పిలిస్తే లోపం ఏమిటో, ఎలా కనిపెట్టారో, ఏ భాగమో రాసి ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. క్షణకాలం పెరిగే వోల్టేజీ వల్ల, మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లబడటం వల్ల ఆ యూనిట్ కాలక్రమేణా దెబ్బతినవచ్చని అందులో ఉంది.

కాలక్రమేణా అంటే షోరూం నుంచి వచ్చిన కారులో ఆ లోపం కనబడదు. నిక్కీ విప్పినా, మన్రో విప్పినా కనబడదు. మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లబడిన బోర్డే దాన్ని చూపించాలి. మన రోడ్ల మీద తిరిగే కారు గురించి తెలుసుకోవడానికి అమెరికా కాగితం చదవాల్సి రావడం నాకు బాధ కలిగించింది. 2021 ఏప్రిల్ నుంచి మన దగ్గరా లోపమున్న వాహనాలను తప్పనిసరిగా వెనక్కి పిలిపించే నిబంధనలు ఉన్నాయి. వాటితోపాటు ఇంత వివరంగా కారణం బయటపెట్టే అలవాటు కూడా రావాలి.

ఒక్క బోర్డు చూసి ఏం తేలుస్తావు?

ఇదంతా గ్రూపులో రాస్తే ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. చిప్పును కార్ల చిప్పులకు పెట్టిన ఏఈసీ-క్యూ100 ప్రమాణం ప్రకారం పరీక్షించడానికే మూడు లాట్ల నుంచి 77 చొప్పున తీసుకుని వెయ్యి గంటలు వేడిలో నడుపుతారు. నువ్వు ఒక్క బోర్డు విప్పి, రెండు కెపాసిటర్లు కొలిచి, జిగురు ఎండటం వల్ల పోయిందంటే ఎలా? ఆ ఒక్క యూనిట్‌లోనే జిగురు సరిగా పోయలేదేమో. కరెంటు కుదుపుకు కొత్త యూనిట్ కూడా పోయేదేమో.

ఇది బలమైన ప్రశ్న. మాస్టారి చార్జర్ ఎందుకు పోయిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ దీనికి జవాబు విప్పడం మానేయడం కాదు, ఎక్కువ విప్పడం. ఒకే రకం యూనిట్లు ముప్పై వస్తే, అందులో ఇరవైలో అదే మూల ఎండి ఉంటే, అది ఇక ఊహ కాదు. నిజానికి ఇంతకన్నా ఎక్కువ సమాచారం కంపెనీల దగ్గర ఇప్పటికే ఉంది. వారంటీలో తిరిగొచ్చిన యూనిట్లను సరఫరాదారులు విప్పి, కారణం వెతికి, 8డీ రిపోర్టు (లోపం, కారణం, పరిష్కారం ఎనిమిది మెట్లలో రాసే కాగితం) రాసి కార్ల కంపెనీకి పంపుతారు. మా రంగంలో రోజూ జరిగే పని అది. అంటే పాత కార్లను విప్పడం ఇప్పటికే జరుగుతోంది. కారు సొంతదారుకు మాత్రం ఆ కాగితం చేరదు.

కంపెనీల వైపు మాట కూడా వినాలి. అలాంటి రిపోర్టు బయటికి వస్తే ఒక చిన్న లోపాన్ని పట్టుకుని సోషల్ మీడియా కారు మొత్తాన్ని తిట్టిపోస్తుందని వాళ్ల భయం. ఆ భయం నిజమే. ఒక స్కూటర్ కాలిన వీడియోతో ఎలక్ట్రిక్ బళ్లన్నీ బాంబులే అన్న ప్రచారం మనమంతా చూశాం. అయినా దాచడం వల్ల ఆ ప్రచారం తగ్గలేదు కదా. కారణం తెలియని చోటే పుకారు ఎక్కువ తిరుగుతుంది.

నాలుగు వందల వోల్టులు

నాకు నిజంగా టెన్షన్ కలిగించే అభ్యంతరం వేరే ఉంది, అది ప్రాణానికి సంబంధించింది. చెన్నైలో పాత కార్లను విప్పి భాగాలు అమ్మే పుదుపేటలో పెట్రోల్ కారును విప్పడం చూస్తే అదొక విద్య అనిపిస్తుంది. ఏ బోల్టు ముందు, ఏది తర్వాత అన్నది ఆ కుర్రాళ్ల చేతులకే తెలుసు. అదే చేయి అదే ధీమాతో ఎలక్ట్రిక్ కారు మీద పడితే? బ్యాటరీ డిస్‌కనెక్ట్ తీశాక కూడా ఇన్వర్టర్‌లోని పెద్ద కెపాసిటర్లో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది దిగడానికి ఆగాలి, ఆగాక మీటరుతో చూడాలి, వెయ్యి వోల్టుల రబ్బరు గ్లౌజులు ఉండాలి, పక్కన ఇంకొకరు ఉండాలి. డీసీ షాక్ కొడితే ఇంట్లో స్విచ్చు దగ్గర తగిలినట్టు ఉండదు. మా అంబత్తూరు కుర్రాడు రోజూ ఇలాంటి వోల్టేజీలతోనే పనిచేస్తాడు, అయినా మాస్టారి యూనిట్ మూత తీసే ముందు డిస్చార్జ్ రెసిస్టరు తగిలించి మళ్లీ మళ్లీ కొలిచాడు.

అందుకే ఇలాంటి వివరాలు బయటపెట్టకూడదని కొందరంటారు. నేను సరిగ్గా అందుకే బయటపెట్టాలంటాను. మేం చెప్పకపోతే పుదుపేట ఆగుతుందా? ఎలక్ట్రిక్ కార్లు అక్కడికి చేరే రోజు ఎంతో దూరంలో లేదు. నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చింది, మొదట అమ్మిన కార్ల ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ 2028లో అయిపోతుంది. ఆ తర్వాత వాటిని ముట్టుకునేది ఎక్కువగా రోడ్డు పక్క షెడ్డు వాళ్లే. ఏ కేబుల్ ముట్టుకోకూడదో, ఎక్కడ మీటరు పెట్టి చూడాలో, తమిళంలో, తెలుగులో, ఫొటోలతో వాళ్ల ఫోనుకు చేరి ఉండాలి. చెప్పకుండా దాచిన జాగ్రత్త ఎవరినీ కాపాడదు.

బాగుచేసిన బోర్డు మళ్లీ పోతే బాధ్యత ఎవరిది అన్నదానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆన్‌బోర్డ్ చార్జర్ ఇంటి కరెంటునూ కారు బాడీనీ వేరుగా ఉంచాలి. ఆ ఇన్సులేషన్ దగ్గర అరకొర పని చేస్తే కారు ముట్టుకున్న పిల్లవాడికి షాక్ కొట్టవచ్చు. అందువల్ల బాగుచేసిన ప్రతి యూనిట్‌కూ ఇన్సులేషన్ పరీక్ష చేసి కాగితం ఇవ్వగలిగిన షాపుకే ఆ పని అప్పగించాలని నా అభిప్రాయం. ఆ పరీక్ష యంత్రం మరీ ఖరీదైనదేమీ కాదు, నాలుగైదు షాపులు కలిసి కొనుక్కోవచ్చు.

మరి ఎవరు విప్పాలి

ఈ నగరం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, వాటిలో మన తెలుగు పిల్లలకూ కొదవ లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వాళ్లు చాలామంది రెడీమేడ్‌గా అమ్మే ప్రాజెక్టు కొనుక్కుని వెళ్తారు. లైను మీద నడిచే రోబో, గ్యాస్ లీకేజీ అలారం. ఆ డబ్బుతో వేలంలో ఒక పాడైన డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చే పెట్టె) కొని, దాని సర్క్యూట్ గీసి, ఎక్కడ పోయిందో కనిపెట్టి రాయమంటే, నలుగురు పిల్లలకు ఆర్నెల్ల చదువు అందులోనే ఉంది. చట్టం కూడా అడ్డం కాదు. 2000 నాటి సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్ చట్టం, విశ్లేషణకూ పరిశోధనకూ బోధనకూ చిప్పు లోపలి అమరికను (లేఅవుట్‌ను) నకలు తీయడాన్ని ఉల్లంఘనగా చూడదు. ఇక బోర్డు మూత తీసి కొలతలు తీసుకోవడానికి భయం దేనికి? ఒరగడంలో జీఏఆర్‌సీ లాంటి పరీక్షా కేంద్రం ఉంది, 2021 నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రాలు వస్తున్నాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాల విభాగం కూడా ఉంది. అక్కడ సర్వీసు మాన్యువల్ పెట్టే కంపెనీ, ఆన్‌బోర్డ్ చార్జర్‌ను బెంచి మీద నిద్రలేపే సందేశాలను కూడా పెట్టాలని నేను కోరుకుంటున్నాను. మిగతా రహస్యాలు వాళ్ల దగ్గరే ఉంచుకోనివ్వండి.

ప్రస్తుతానికి నేనూ, అంబత్తూరు కుర్రాడూ, గ్రూపులోని ఇంకొందరూ పాడైన యూనిట్లు పోగుచేయడం మొదలుపెట్టాం. మాస్టారు కొలతలు రాసే పట్టిక తయారుచేసి పెట్టారు. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరి కారులోనైనా చార్జరో, డీసీ-డీసీ కన్వర్టరో, ఇన్వర్టరో మార్చాల్సి వస్తే, పాతది మీకే ఇవ్వమని సర్వీస్ సెంటర్‌ను బిల్లు కట్టకముందే అడగండి. వారంటీలో మార్చితే ఇవ్వరు, మీ డబ్బుతో మార్చితే అడిగే హక్కు మీకుంది. తూకానికి వేయకండి, మూత తీయకండి. దాని మీద ఒక కాగితం అంటించి నాలుగు సంగతులు రాయండి: కారు ఏ సంవత్సరంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ ఊళ్లో ఎండలో నిలిచేదా నీడలో నిలిచేదా, చెడిపోయిన రోజు కరెంటు ఎలా ఉంది. రెంటచింతల ఎండలో అయిదేళ్లు నిలిచిన చార్జర్ ఒకటీ, విశాఖ బీచ్ రోడ్డు పక్కన నిలిచింది ఒకటీ దొరికితే, చెన్నైదానితో పక్కపక్కన పెట్టి ముందుగా ఆ మూల కెపాసిటర్లనే కొలుస్తాం.